ఎండ వేడిలో మనిషి వాటా ఎంత?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత ఈనాటిది కాదు. పల్నాడులోని రెంటచింతల, తెలంగాణలోని రామగుండం ఎండలకు ఎప్పటినుంచో పేరుపడ్డ ఊళ్ళు. అందుకే భూతాపం మాట వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. ఎండలు ఎప్పుడూ ఉన్నవే కదా, ఇందులో ప్రకృతి చేసింది ఎంత, మనిషి చేసింది ఎంత?

తీసిపారేయాల్సిన ప్రశ్న కాదిది. మన దేశపు లెక్కలు చూస్తే సందేహం ఇంకా బలపడుతుంది. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 వరకు భారతదేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. ప్రపంచం మొత్తం మీద చూస్తే, 19వ శతాబ్దం రెండో సగంతో పోల్చినప్పుడు 2011–2020 దశాబ్దంలో పెరుగుదల 1.1 డిగ్రీలు. సముద్రాలను పక్కన పెట్టి నేల ఒక్కదాన్నే తీసుకుంటే అది సుమారు 1.6 డిగ్రీలు. కొలతలు మొదలైన ఏళ్ళు వేరు కాబట్టి ఈ అంకెలను పక్కపక్కన పెట్టి కచ్చితంగా తీసివేత చేయలేం. అయినా తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 140 కోట్ల జనాభా, లెక్కలేనన్ని పొయ్యిలు, బొగ్గు కేంద్రాలు, వాహనాలు ఉన్న దేశం ప్రపంచ సగటుకన్నా తక్కువ వేడెక్కింది.

దీన్ని రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. మనిషి ప్రభావం అనుకున్నంత పెద్దది కాదన్నది ఒకటి. మనిషి ఇక్కడ ఒకే సమయంలో రెండు ఎదురెదురు పనులు చేస్తున్నాడన్నది మరొకటి. ఒక చేత్తో వేడి పెంచుతూ, ఇంకో చేత్తో ఆ వేడిని కొంత కప్పిపెడుతున్నాడన్నమాట. ఇప్పటిదాకా పోగైన ఆధారాలు రెండో అర్థం వైపే మొగ్గుతున్నాయి. ఎందుకో తెలియాలంటే ముందు ప్రపంచం లెక్క చూసి, తర్వాత మన దేశం లెక్కకు రావాలి.

నూట పాతికేళ్ళ చర్చ

బొగ్గు మండితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ భూమిని వేడెక్కించగలదన్న ఆలోచన పాతదే. గాలిలో ఈ వాయువు రెట్టింపయితే భూమి 5, 6 డిగ్రీలు వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ 1896లోనే కాగితం మీద లెక్కగట్టారు. నేటి అంచనా 2.5 నుంచి 4 డిగ్రీల మధ్య ఉంది. కంప్యూటర్లు లేని రోజుల్లో ఆయన అంత దగ్గరగా వచ్చారు.

1938లో గై క్యాలెండర్ అనే బ్రిటిష్ ఇంజనీరు ప్రపంచవ్యాప్తంగా 147 వాతావరణ కేంద్రాల రికార్డులు సేకరించి, భూమి ఇప్పటికే వేడెక్కడం మొదలైందని, అందులో మనుషులు మండించిన ఇంధనానికి పాత్ర ఉందని చెప్పారు. ఆనాటి వాతావరణ నిపుణులు చాలామంది ఒప్పుకోలేదు. మనిషి వదిలే వాయువును సముద్రం ఎప్పటికప్పుడు పీల్చేసుకుంటుందని అప్పట్లో గట్టి నమ్మకం. విశేషమేమిటంటే క్యాలెండర్ కూడా దీన్ని ముప్పుగా చూడలేదు. చలి దేశాలకు కాస్త వెచ్చదనం మంచిదే అనుకున్నారు.

సముద్రం నిజంగా అంతా పీల్చేస్తోందా లేదా అన్నది తేల్చాలంటే గాలినే కొలవాలి. 1958లో అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతం మీద ఆ పని మొదలుపెట్టారు. నగరాల పొగకు దూరంగా, సముద్రం మధ్యలో ఉన్న చోటది. అప్పట్లో ప్రతి పది లక్షల గాలి అణువుల్లో సుమారు 315 కార్బన్ డయాక్సైడ్ అణువులు ఉండేవి. 2024 నాటికి ఆ సగటు 424 దాటింది. అంటార్కిటికా మంచు లోతుల్లో చిక్కుకుపోయిన పాతకాలపు గాలి బుడగలను పరీక్షిస్తే, గత 8 లక్షల ఏళ్ళలో ఈ అంకె ఎన్నడూ 300 మార్కును చెప్పుకోదగ్గంతగా దాటలేదని తేలింది. పారిశ్రామిక విప్లవానికి ముందు అది 280 దగ్గర ఉండేది.

ఆ కార్బన్ ఎక్కడిది?

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిందన్నది కొలత. అది మనిషి వదిలిందేనన్న మాటకు వేరే రుజువు కావాలి. అగ్నిపర్వతాలు ఉన్నాయి, అడవులు ఉన్నాయి, సముద్రాలు ఉన్నాయి. వీటిలో ఏదైనా కారణం కావచ్చు కదా? శాస్త్రవేత్తలు ఈ అనుమానితులను ఒక్కొక్కరినీ విచారించారు.

మొదటి ఆధారం కార్బన్-14 అనే ఐసోటోపు. ఇది వాతావరణం పై పొరల్లో విశ్వకిరణాల వల్ల నిత్యం పుడుతుంది. సుమారు 5,730 ఏళ్ళకు సగం చొప్పున తరిగిపోతుంది. చెట్టుకీ, పశువుకీ, మనిషికీ ఒంట్లో కొంత కార్బన్-14 ఉంటుంది. కోట్ల ఏళ్ళ కిందట భూమిలో కూరుకుపోయిన బొగ్గులో, చమురులో మాత్రం అది ఎప్పుడో హరించుకుపోయింది. కాబట్టి బొగ్గు, చమురు మండితే గాలిలోకి కార్బన్-14 లేని కార్బన్ చేరుతుంది. నీళ్ళు కలిపితే పాలు పలచబడినట్టు గాలిలో ఆ ఐసోటోపు శాతం పలచబడాలి. అమెరికా శాస్త్రవేత్త హాన్స్ స్యూస్ 1955లో చెట్ల కాండాల్లోని వార్షిక వలయాలను పరీక్షించి సరిగ్గా ఇదే కనుగొన్నారు. అడవులు నరకడం ఒక్కటే కారణమైతే ఇలా జరగదు, ఎందుకంటే బతికున్న చెట్ల కార్బన్‌లో ఆ ఐసోటోపు ఉంటుంది.

రెండో ఆధారం కార్బన్-13. మొక్కలు కిరణజన్య సంయోగక్రియలో తేలికైన కార్బన్-12 వైపు మొగ్గు చూపుతాయి. అందువల్ల మొక్కల్లోనూ, వాటి నుంచి వచ్చిన బొగ్గులోనూ కార్బన్-13 పాలు తక్కువ. అగ్నిపర్వతాల నుంచి వచ్చే కార్బన్‌లో అంత లోటు ఉండదు. గాలిలో కార్బన్-13 వాటా క్రమంగా తగ్గుతోంది. అంటే అదనంగా చేరిన కార్బన్ ఒకప్పుడు మొక్కల్లో ఉన్నదే. రెండు ఆధారాలనూ కలిపి చదివితే, అది మొక్కల నుంచి వచ్చినదీ, చాలా పాతదీ. అలాంటి పదార్థం బొగ్గు, చమురు, సహజవాయువు తప్ప వేరే లేదు.

మూడో ఆధారం ఆక్సిజన్. ఏది మండాలన్నా ఆక్సిజన్ ఖర్చవుతుంది. కీలింగ్ కుమారుడు రాల్ఫ్ కీలింగ్ దశాబ్దాలుగా చేస్తున్న కొలతల్లో గాలిలోని ఆక్సిజన్ స్వల్పంగా తగ్గుతూ వస్తోంది. ఊపిరికి ఇబ్బంది కలిగించేంత తగ్గుదల కాదు కానీ, ఎక్కడో ఏదో మండుతోందని చెప్పడానికి చాలు. ఇక సముద్రం నుంచే వాయువు బయటికి వస్తోందనుకుంటే సముద్రంలో కార్బన్ తగ్గాలి. జరుగుతున్నది అందుకు వ్యతిరేకం. సముద్రజలాల్లో కార్బన్ పెరిగి, నీటి ఆమ్లత్వం పెరుగుతోంది.

అన్నిటికన్నా సులువైన రుజువు మామూలు కూడికే. శిలాజ ఇంధనాల వల్ల ఏటా సుమారు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తోంది. ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ కలిసి వదిలేది ఇందులో ఒక శాతం మేరకే. మనిషి వదిలినదంతా గాలిలోనే ఉండిపోయి ఉంటే పెరుగుదల ఇప్పుడున్నదానికి దాదాపు రెట్టింపు కనిపించేది. సగానికి పైగా భాగాన్ని చెట్లు, నేల, సముద్రం పీల్చుకుంటున్నాయి. అంటే ఈ విషయంలో ప్రకృతి భారం పెంచడం లేదు, మోస్తోంది.

వేడి మీద వేలిముద్ర

కార్బన్ మనిషిదేనని తేలినా వేడి కూడా దానిదేనని వెంటనే చెప్పేయలేం. సూర్యుడే ఎక్కువ కాస్తుండవచ్చు కదా? ఈ రెండు అవకాశాలనూ విడదీయడానికి భౌతికశాస్త్రం ఒక చక్కటి పరీక్ష ఇచ్చింది.

సూర్యుడి ప్రతాపమే పెరిగితే వాతావరణం కింది నుంచి పైదాకా వేడెక్కాలి. కార్బన్ డయాక్సైడ్ కారణమైతే కింది పొర వేడెక్కి, పది పదిహేను కిలోమీటర్లకు పైన ఉండే స్ట్రాటో ఆవరణం చల్లబడాలి. కింద ఈ వాయువు నేల నుంచి పైకి వెళ్ళే వేడిని దుప్పటిలా ఆపుతుంది. పైన పలచటి గాలిలో అదే వాయువు ఆ పొరలోని వేడిని అంతరిక్షంలోకి మరింత సులువుగా వదిలేస్తుంది. సుకురో మనాబే, రిచర్డ్ వెథరాల్డ్ 1967లోనే కంప్యూటర్ నమూనాతో ఈ సంగతి చెప్పారు. తర్వాత బెలూన్లు, ఉపగ్రహాలు చేసిన కొలతల్లో అదే కనిపించింది. దిగువ స్ట్రాటో ఆవరణం చల్లబడటంలో ఓజోన్ తరుగుదలకూ వాటా ఉంది. పై అంచెల్లో మాత్రం ప్రధాన కారణం కార్బన్ డయాక్సైడే. పైగా 1980ల నుంచి సూర్యుడి తేజస్సు పెరిగిన దాఖలా లేదు.

ఇలాంటి గుర్తులను పద్ధతి ప్రకారం వెతకడం నేర్పినవారు జర్మనీ శాస్త్రవేత్త క్లాస్ హాసెల్‌మన్. వాతావరణం ఏడాదికేడాది తనంతట తాను ఊగిసలాడుతుంది. ఒక ఏడు ఎల్ నినో, ఇంకో ఏడు లా నినా. ఆ ఊగిసలాట మధ్య మనిషి ప్రభావాన్ని పట్టుకోవడం సంతలో గోల మధ్య తెలిసిన గొంతును గుర్తుపట్టడం లాంటిది. ప్రతి కారణానికీ తనదైన తీరు ఉంటుందనీ, ఎక్కడ ఎంత, ఏ ఎత్తులో ఎంత అన్న ఆ తీరును బట్టి కారణాన్ని పోల్చుకోవచ్చనీ ఆయన గణితంతో చూపించారు. మనాబే, హాసెల్‌మన్ ఇద్దరికీ 2021లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది.

ఐపీసీసీ నివేదికల్లోని మాటలు ఆధారాలతో పాటే మారుతూ వచ్చాయి. 1995లో మనిషి ప్రభావం ‘గుర్తించదగినంత’ ఉందని మాత్రమే రాశారు. 2001లో అది 66 శాతానికి పైగా సంభావ్యత అయింది. 2007లో 90 శాతం, 2013లో 95 శాతం దాటింది. 2021లో ఇక సందేహానికి తావు లేదన్నారు. పాతికేళ్ళలో ఒక్కో మెట్టూ ఎక్కిన తీర్పు ఇది.

వంద శాతం దాటే వాటా

2021 నివేదికలోని జమాఖర్చు చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. 1850–1900 కాలంతో పోలిస్తే 2010–2019 నాటికి భూమి 1.06 డిగ్రీలు వేడెక్కింది. ఇందులో హరితగృహ వాయువులు పెంచినది 1.0 నుంచి 2.0 డిగ్రీల మధ్య. గాలిలో తేలే సూక్ష్మ కణాలు, అంటే ఏరోసాల్స్, ముఖ్యపాత్ర వహించిన ఇతర మానవ కార్యకలాపాలు తగ్గించినది సున్నా నుంచి 0.8 డిగ్రీల మధ్య. సూర్యుడు, అగ్నిపర్వతాల ప్రభావం అటో ఇటో 0.1 డిగ్రీ మించదు. వాతావరణం సొంత ఊగిసలాట అటో ఇటో 0.2 డిగ్రీ. మనిషి వాటా మొత్తం కలిపితే వచ్చే ఉత్తమ అంచనా 1.07 డిగ్రీలు.

కొలిచింది 1.06, మనిషి వాటా 1.07. కాబట్టి ప్రపంచ స్థాయిలో మనిషి వాటా సగమా, పావా అన్న వాదనకు చోటు లేదు. అది దాదాపు మొత్తం. ఇంకో అడుగు లోపలికి వెళితే మరో వింత కనిపిస్తుంది. మధ్యస్థంగా చూస్తే హరితగృహ వాయువులు పెంచిన వేడి, మనం చూసిన వేడికన్నా ఎక్కువ. కొంత భాగాన్ని సూక్ష్మ కణాలు కప్పేశాయి.

‘వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది కదా’ అనే వాదనను కూడా ఇక్కడే చూడాలి. అది నిజమే. మేఘాలయలోని మావ్‌మ్లూ గుహలో నేల నుంచి పైకి పెరిగిన సున్నపు స్తంభాల పొరలు, సుమారు 4,200 ఏళ్ళ కిందట రుతుపవనాలు బాగా బలహీనపడ్డాయని చెబుతున్నాయి. ఆ ఆధారం ఎంత విలువైనదంటే, భూమి చరిత్రలో అప్పటి నుంచి ఇప్పటిదాకా సాగుతున్న కాలానికి 2018లో మేఘాలయ పేరే పెట్టారు. అప్పుడు బొగ్గు కేంద్రాలు లేవు. అయితే పాత మార్పుకు ప్రకృతి కారణమైనంత మాత్రాన కొత్త మార్పుకూ అదే కారణమని తేలదు. పిడుగుపాటుకు అడవులు తగలబడిన రోజులున్నాయి కాబట్టి అగ్గిపుల్లకు ఏ పాపమూ తెలియదని అనలేం. ప్రతిసారీ ఆధారాలు చూడాల్సిందే. పాత మార్పులు చెప్పే మరో విషయం, మన రుతుపవనాలు చిన్న కదలికలకు కూడా స్పందించేంత సున్నితమైనవని.

మన ఆకాశం మీది ముసుగు

ఇక మన దేశం చిక్కు. ప్రపంచ జమాఖర్చులో సూక్ష్మ కణాల పద్దు చిన్నది. దక్షిణాసియాలో అది చాలా పెద్దది. బొగ్గు కేంద్రాలు, ఇటుక బట్టీలు, డీజిల్ బండ్లు, కట్టెల పొయ్యిలు, పొలాల్లో తగలబెట్టే గడ్డి, వీటన్నిటి నుంచి సల్ఫేట్, నైట్రేట్, మసి కణాలు గాలిలో చేరతాయి. 1999లో వీరభద్రన్ రామనాథన్ తదితరుల నాయకత్వంలో అనేక దేశాల శాస్త్రవేత్తలు మాల్దీవుల దగ్గర విమానాలు, ఓడలు, ఉపగ్రహాలతో జరిపిన ఇండోఎక్స్ పరిశోధనలో, శీతాకాలంలో ఉపఖండం నుంచి హిందూ మహాసముద్రం మీదికి గోధుమ రంగు పొగపొర పరుచుకుని ఉండటం స్పష్టంగా నమోదైంది.

ఈ పొర రెండు పనులు చేస్తుంది. సల్ఫేట్ కణాలు సూర్యకాంతిని వెనక్కి చిమ్ముతాయి. మసి కణాలు దాన్ని పీల్చుకుని గాలిని వేడెక్కిస్తాయి. రెండింటివల్లా నేలకు చేరే వెలుగు తగ్గుతుంది. సూక్ష్మ కణాలు ఎంత చల్లబరచగలవో ప్రకృతే ఒకసారి చేసి చూపింది. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినాటుబో అగ్నిపర్వతం పేలి స్ట్రాటో ఆవరణంలోకి సల్ఫర్ చిమ్మినప్పుడు, మరుసటి ఏడాది ప్రపంచ సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ పడిపోయింది.

రెండో ముసుగు సాగునీరు. మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో అందరికీ తెలుసు. నీరు ఆవిరి కావడానికి వేడి ఖర్చవుతుంది. గంగా మైదానంలో కాలువలు, బోర్లు కలిసి లక్షల ఎకరాలకు పెట్టే తడి ఆ ప్రాంతాన్ని ఒక పెద్ద కుండలా మార్చింది. పగటి ఉష్ణోగ్రత అంకె కాస్త తగ్గుతుంది. కానీ ఆ ఆవిరి గాలిలో తేమ పెంచుతుంది. తేమ పెరిగితే ఒంటిమీద చెమట ఆరదు. గాంధీనగర్ ఐఐటీకి చెందిన విమల్ మిశ్రా బృందం 2020లో ప్రచురించిన అధ్యయనం, సాగునీరు థర్మామీటరు అంకెను తగ్గించినా తేమతో కూడిన వేడి ఒత్తిడిని పెంచుతోందని చూపింది. కోస్తా ఆంధ్రలో ఉక్కపోత ఎరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. 38 డిగ్రీల ఉక్క 42 డిగ్రీల పొడి ఎండకన్నా ఒంటికి ఎక్కువ చేటు చేయవచ్చు.

ముసుగు ఖరీదు మరొకటి కూడా ఉంది. నేల, సముద్రం వేడెక్కడంలో ఉండే తేడాయే రుతుపవనాలను లాగే శక్తి. పొగపొర నేలను చల్లబరిస్తే ఆ లాగుడు తగ్గుతుంది. 1951 నుంచి 2015 మధ్య జూన్–సెప్టెంబర్ వర్షపాతం సుమారు 6 శాతం తగ్గిందనీ, ఆ తగ్గుదల గంగా మైదానం, పడమటి కనుమల్లో ఎక్కువనీ 2020 నాటి ప్రభుత్వ నివేదిక చెప్పింది. ఈ తగ్గుదలలో సూక్ష్మ కణాల పాత్ర ఉందని 2011 నుంచీ పలు అధ్యయనాలు సూచించాయి. మరోవైపు మధ్య భారతంలో రోజుకు 150 మిల్లీమీటర్లకు పైబడిన కుండపోతలు 1950–2015 మధ్య 75 శాతం పెరిగాయి. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోయగలదు మరి. సగటు వాన తగ్గడం, కురిస్తే ముంచెత్తడం, రెండింటిలోనూ మనిషి చెయ్యి ఉంది. అయితే అవి మనిషి చేసిన వేర్వేరు పనుల ఫలితాలు.

ఒక్క వేసవి మీద తీర్పు చెప్పగలమా?

వందేళ్ళ సగటుల మాట అలా ఉంచితే, జనాన్ని చంపేది ఒకానొక వేసవిలో వచ్చే వడగాడ్పు. 2015 మే నెలలో దేశంలో రెండు వేలమందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. అందులో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణవాళ్ళే. ఫలానా వడగాడ్పుకు మనిషే కారణమా అని అడిగితే శాస్త్రవేత్తలు ఆ ప్రశ్నను కాస్త మార్చుకుంటారు. మనిషి వాయువులు వదలని భూమిని కంప్యూటర్ నమూనాలో సృష్టించి, అక్కడ ఇలాంటి ఎండ ఎన్నేళ్ళకోసారి వచ్చేదో, ఇప్పుడు ఎన్నేళ్ళకోసారి వస్తోందో పోలుస్తారు. ఒక రోగికి క్యాన్సర్ ఎందుకు వచ్చిందో కచ్చితంగా చెప్పలేకపోయినా, పొగతాగడం ఆ ముప్పును ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పగలగడం లాంటిదే ఇది.

ఈ లెక్క ఎప్పుడూ ఒకే జవాబు ఇవ్వదు. 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో 51 డిగ్రీలు నమోదై దేశంలో కొత్త రికార్డు అయింది. దాన్ని పరిశీలించిన అంతర్జాతీయ బృందం, భారత్‌లో అత్యధిక పగటి ఉష్ణోగ్రతల్లో స్పష్టమైన పెరుగుదల ధోరణి కనిపించలేదని రాసింది. వాయు కాలుష్యం, సాగునీరు ఆ ధోరణిని కప్పి ఉంచి ఉండవచ్చని కూడా చెప్పింది. 2015 వడగాడ్పుల మీద జరిగిన మరో అధ్యయనం మాత్రం, వేడినీ తేమనూ కలిపి చూసినప్పుడు మనిషి ప్రభావం ఆ తీవ్రతకు అవకాశాలను గణనీయంగా పెంచిందని తేల్చింది. 2022 మార్చి, ఏప్రిల్ నెలల ఎండల విషయంలో జవాబు ఇంకా సూటిగా వచ్చింది. అంత ముందుగా, అంత విస్తృతంగా వచ్చే వేడికి మానవ ప్రభావం వల్ల అవకాశం సుమారు 30 రెట్లు పెరిగిందని అంచనా. ఆ ఏడాది గోధుమ పైరు గింజ పట్టే దశలో దెబ్బతింది. మే నెలలో కేంద్రం గోధుమ ఎగుమతులను నిషేధించింది.

ఒకసారి అవుననీ, ఒకసారి కచ్చితంగా చెప్పలేమనీ అనడం ఈ విద్యకు లోటు కాదు. ప్రతిదానికీ ఒకే జవాబు చెప్పేవారికన్నా, చోటునూ కొలతనూ బట్టి జవాబు మార్చగలిగేవారి మాటకు విలువ ఎక్కువ.

ముసుగు తొలగితే

సూక్ష్మ కణాలు గాలిలో ఉండేది కొన్ని రోజులు, మహా అయితే వారాలు. ఒక వాన పడితే కొట్టుకుపోతాయి. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో పంజాబ్‌లోని జలంధర్ నుంచి ధౌలాధార్ మంచు కొండలు కనిపించాయంటే కారణం ఇదే. కార్బన్ డయాక్సైడ్ అలా కాదు. ఇవాళ వదిలినదాంట్లో గణనీయమైన భాగం వందల ఏళ్ళ తర్వాత కూడా గాలిలో ఉంటుంది. అంటే ముసుగు నిత్యం కొత్తగా నేస్తూ ఉంటేనే నిలుస్తుంది. దాని కింద పోగయ్యే వేడి మాత్రం ఎక్కడికీ పోదు.

అలాగని ముసుగునే కాపాడుకుందామనుకుంటే దాని ధర ప్రాణాల్లో చెల్లించాలి. 2019లో మన దేశంలో వాయు కాలుష్యం వల్ల సుమారు 16.7 లక్షల మంది మరణించారని ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. అందుకే బొగ్గు విద్యుత్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్ మీద 2015 డిసెంబరులో పరిమితులు విధించారు. గడువులు పలుమార్లు వాయిదా పడి, 2025 జూలైలో చాలా కేంద్రాలకు ఆ షరతు నుంచి మినహాయింపు లభించింది. ఆ చర్చలో ఖర్చు, బొగ్గులో సల్ఫర్ పాళ్ళు, ఆరోగ్యంతో పాటు ఈ చల్లబరిచే గుణం కూడా ప్రస్తావనకు వచ్చింది. సముద్రాల మీద అలాంటి మార్పు ఇప్పటికే జరిగింది. ఓడల ఇంధనంలో సల్ఫర్ పరిమితిని 2020 జనవరి నుంచి 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించారు. 2023, 2024లో ప్రపంచం రికార్డు స్థాయిలో వేడెక్కడంలో దీని వాటా ఎంతన్నది శాస్త్రవేత్తల మధ్య గట్టిగా సాగుతున్న చర్చ. 2024 మన దేశంలోనూ 1901 తర్వాత అత్యంత వేడి సంవత్సరం.

దీనికి దారి లేకపోలేదు. మసి కణాలూ మీథేనూ వేడి పెంచేవే, పైగా గాలిలో ఎక్కువ కాలం నిలవనివి. మసి కొన్ని రోజుల్లో, మీథేన్ పదేళ్ళకు కాస్త అటూ ఇటూగా తరిగిపోతుంది. సల్ఫేట్‌తో పాటు వీటినీ తగ్గిస్తే ముసుగు తొలగినప్పుడు బయటపడే వేడిని కొంతవరకు సరితూచవచ్చు. కట్టెల పొయ్యి బదులు గ్యాస్ పొయ్యి, పాత డీజిల్ ఇంజన్ బదులు కొత్తది, మెరుగైన ఇటుక బట్టీ, ఇవన్నీ ఊపిరితిత్తులకూ వాతావరణానికీ ఒకేసారి మేలు చేసే పనులు. కార్బన్ డయాక్సైడ్ తగ్గించే పని వీటికి తోడుగా సాగాలి. వాటి వెనకపడితే చాలదు.

మరి చర్చ ఎక్కడ మిగిలింది? భూమిని వేడెక్కిస్తున్నది మనిషేనా అన్న దగ్గర కాదు. గాలిలోని కార్బన్ మీద, స్ట్రాటో ఆవరణం చలి మీద, సముద్రజలం ఆమ్లత్వం మీద ఆ వేలిముద్రలు పడే ఉన్నాయి. సూక్ష్మ కణాలు ఎంత వేడిని కప్పాయన్న అంకె ఇంకా సున్నా నుంచి 0.8 దాకా సాగిలపడి ఉంది. దాన్ని కుదించాలి. దేశమంతటా ఉన్న ఏరోసాల్ పరిశీలన కేంద్రాల కొలతలు అందుకే ముఖ్యం. ఆ అంకె ఎంత పెద్దదైతే రాబోయే రోజుల్లో మనకు బాకీ పడ్డ వేడి అంత ఎక్కువ.

భారతదేశం 0.7 డిగ్రీలే వేడెక్కిందన్న మాటను ఇప్పుడు మళ్ళీ చదివితే అది ఊరటనిచ్చే వార్తలా వినిపించదు. మనిషి ప్రభావం ఇక్కడ తక్కువగా ఉందని ఆ అంకె చెప్పడం లేదు. రెండు వైపుల నుంచీ లాగేంత ఎక్కువగా ఉందని చెబుతోంది. వడగాడ్పులను ఎదుర్కోవడానికి ఊళ్ళు వేసుకునే ప్రణాళికలు, పని వేళల మార్పులు, చలివేంద్రాలు, ఆసుపత్రుల ఏర్పాట్లు ఇప్పటిదాకా చూసిన ఎండలను బట్టి కొలుచుకుంటే సరిపోవు. పొగపొర పలచబడిన ఆకాశం కింద కాయబోయే ఎండను బట్టి కొలుచుకోవాలి.